ముప్పై ఒకటో నంబరు మీటరు

పదిహేడో నంబరు మీటరు అద్దం మీది తేమను చేతిరుమాలుతో తుడిచి, రత్నరాజు అంకెలను ఒకసారి ఎడమనుంచి కుడికీ, ఒకసారి కుడినుంచి ఎడమకీ చదివాడు. రెండుసార్లూ తెలుగులో, తనకు మాత్రమే వినపడేలా. రెండూ కలిశాక పుస్తకంలో రాశాడు: 41806. పక్కన ఎం.ఆర్. అని పొడి అక్షరాలు వేశాడు. నిన్నా 41806. మొన్నా అదే. అంకె మారకపోతే కింద రెండు చుక్కలు పెట్టి వదిలేయడం ఆ సైట్‌లో మిగతావాళ్ళ అలవాటు. రత్నరాజు ప్రతిసారీ అయిదంకెలూ రాస్తాడు.

టైము ఏడూ యాభై. 1985 డిసెంబరు 31, మంగళవారం. పొగమంచులో టవరు సగం దాకే కనిపిస్తోంది. పైన రెక్కలు కనపడవు. చప్పుడు లేదు కాబట్టి తిరగడం లేదు. గాలిని కొలిచే స్తంభం కింద పెట్టెలో ముల్లు మూడు దగ్గర ఉంది. గంటకు మూడు మైళ్ళు. యంత్రం తిరగడానికి పన్నెండు కావాలి.

పుస్తకం మూసి పద్దెనిమిదో నంబరు వైపు నడిచాడు.

అమెరికాలోని ఆల్టమాంట్ కనుమలో రత్నరాజు పనిచేసే కంపెనీకి ఒకే వరసలో ముప్పై ఒక్క గాలిమరలున్నాయి. వరస పొడుగునా మట్టి బాట. వానలకు బాట చెడింది. పదహారో నంబరు దగ్గర పికప్ ఆపి, అక్కణ్ణుంచి ఎత్తు నడవాలి. ఇరవై రెండో నంబరు దగ్గర రత్నరాజు టవరు నిచ్చెన పట్టుకుని ఆగాడు. నాలుగు నిమిషాలు ఆగాడు. వాచీ చూసుకున్నాడు కాబట్టి ఆ లెక్క తెలుసు. నవంబరులో రెండు నిమిషాలు సరిపోయేది. నర్సుగా పనిచేసే భార్య రూతు జనవరి ఆరుకు గుండె డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకుంది. అంతకు ముందు ఖాళీ లేదన్నారు.

అతనికి యాభై నాలుగేళ్ళు. కోస్తాలో ఒక వాతావరణ కేంద్రంలో ఇరవై ఒక్క ఏళ్ళు అబ్జర్వరుగా పనిచేశాడు. మూడు గంటలకొకసారి గాలి, వాన, వేడి చూసి రాయడం పని. తుపాను వస్తుందో రాదో చెప్పేవాళ్ళు వేరే ఊళ్ళో, వేరే ఆఫీసులో ఉండేవాళ్ళు. 1979లో రూతు ఉద్యోగం మీద అమెరికా వచ్చి, ఏడాదిపాటు ఓక్లండ్‌లో కార్ల పార్కింగ్ దగ్గర టికెట్లు చింపాడు. తరవాత పేపర్లో ప్రకటన చూశాడు. కొండల మీద పరికరాలు చదవడానికి మనుషులు కావాలట. అప్పటికి ఈ కొండల మీద ఆవులు తప్ప ఏమీ లేవు. నాలుగు స్తంభాలు పాతి, వాటి మీద గాలికి తిరిగే కప్పులు బిగించి, ఎక్కడ ఎంత గాలి ఉందో రెండేళ్ళపాటు రాయించారు. రాసింది రత్నరాజు. ఆ అంకెలు చూసి గాలిమరలు నిలబెట్టారు. అతను నింపిన పుస్తకాలు ఇప్పటికి పదకొండు.

ముప్పై ఒకటో నంబరు వరస చివర, కొండ కొమ్ము మీద ఉంది. అక్కడికి చేరేసరికి తొమ్మిదిన్నర. మీటరు: 00012. ఆ పన్నెండు యూనిట్లూ బిగించేటప్పుడు పరీక్షకు తిప్పినవి.

డెన్మార్క్ నుంచి ఈ యంత్రాన్ని తెచ్చే ఓడ మూడు వారాలు ఆలస్యంగా వచ్చింది. టవరు ఇరవై మూడున లేచింది. ఇరవై ఏడున లైనుకు కలిపారు. ఆ తరవాత గాలి లేదు. గాలిమర కొన్నవాళ్ళకు కేంద్ర ప్రభుత్వం పన్నులో తగ్గించి ఇచ్చే ఎనర్జీ టాక్స్ క్రెడిట్ ఈ రోజుతో ఆఖరు. ఈ రోజులోపల పనిలోకి వచ్చిన యంత్రానికే అది దక్కుతుంది. పనిలోకి రావడమంటే ఏమిటో కొన్నవాళ్ళ లాయరు ఒక కాగితం మీద పెట్టించాడు. యంత్రం గంటసేపు ఆగకుండా తిరగాలి. లైనులోకి కరెంటు పంపాలి. పది నిమిషాలకొకసారి మీటరు చదివి రాయాలి. చదివే మనిషి పేరు కూడా లాయరే అడిగి వేయించాడు. పదకొండు పుస్తకాలూ తెప్పించుకుని తిరగేశాక రత్నరాజు పేరు వేయించాడు.

ఆ యంత్రం నాలుగు కుటుంబాలది. నాలుగూ ఓక్లండ్‌లో రత్నరాజు వెళ్ళే తెలుగు చర్చివే. డాక్టర్ ప్రేమానందం, బస్సుల వర్క్‌షాపులో పనిచేసే ఒకాయన, రూతు వార్డులోనే పనిచేసే ఇద్దరు నర్సులు. నర్సుల్లో దేవకుమారి మొగుడు లేని మనిషి. క్రెడిట్ వస్తుందన్న ధీమాతో ఇల్లు తాకట్టు పెట్టింది.

ఏప్రిల్‌లో ఈస్టర్ భోజనాల దగ్గర ప్రేమానందం పేపరు ప్లేటు పట్టుకుని వచ్చి అడిగాడు. "బ్రదర్, ఆ కొండ మీద గాలి ఉంటుందా?"

"ఉంటుందండీ" అన్నాడు రత్నరాజు.

ఆ ఒక్కమాట నాలుగిళ్ళకూ చేరింది. కంపెనీ బ్రోషరులో సగటు గాలి పద్దెనిమిది మైళ్ళని ఉంది. అది మే నుంచి ఆగస్టు దాకా సగటు. డిసెంబరు సగటు ఆరున్నర. రెండంకెలూ రత్నరాజు పుస్తకాల్లోంచి తీసినవే. అచ్చయింది ఒకటే. ఎప్పుడుంటుందని ప్రేమానందం అడగలేదు. అడగనిది చెప్పే అలవాటు రత్నరాజుకు లేదు.

పదకొండుంబావుకు సైట్ ఇంజనీరు కృష్ణమోహన్, బురదలోనూ ఎక్కే కంపెనీ జీపులో ప్రేమానందాన్ని తీసుకుని పైకి వచ్చాడు. కృష్ణమోహన్‌ది వరంగల్. ముప్పై నాలుగేళ్ళు. మూడు రాత్రులుగా సరిగా నిద్రలేదు. ప్రేమానందం సూటు మీద వానకోటు వేసుకున్నాడు. మెడలో కెమెరా.

"వందనాలు బ్రదర్" అన్నాడు ప్రేమానందం. "ఏదీ మన గాలి? ఎక్కడ దాచావు?"

"దాచలేదండీ. రాలేదు."

"మీరంతా కలిసి ప్రేయర్ చేయొచ్చు కద డాక్టర్ గారూ" అన్నాడు కృష్ణమోహన్.

"చేశామయ్యా, ఆదివారం. నలభై నిమిషాలు. ఈయన కూడా ఉన్నాడు."

"ఉన్నానండీ."

"నువ్వు సరిగ్గా చేసి ఉండవు" అని ప్రేమానందం నవ్వాడు. మిగతా ఇద్దరూ నవ్వలేదు. అతను నవ్వు ఆపి టవరు వైపు తల ఎత్తి చూశాడు. ఏమీ కనపడలేదు. "నాలుగున్నరకి లాయరు మనిషి కింద ఆఫీసు ట్రైలర్‌కి వస్తాడు. ఆరింటికి వెళ్ళిపోతాడు. రేపు పంపిస్తామంటే కుదరదన్నాడు. కుదరదని రెండుసార్లు అన్నాడు."

"అంటే అయిదుకైనా తిరగడం మొదలుపెట్టాలె" అన్నాడు కృష్ణమోహన్. "అయిదు దాటితే గంట దొరకదు." రత్నరాజు వైపు తిరిగాడు. "గాలి వస్తదంటరా?"

"బారోమీటరు పొద్దుట్నించీ దిగుతోంది."

"వస్తదా, రాదా?"

"నేను చూసేవాణ్ణి బాబూ. చెప్పేవాణ్ణి కాదు."

కృష్ణమోహన్ నోటిలో ఏదో అనుకుంటూ జీపు దగ్గరికి వెళ్ళి టూల్ బాక్సు తెచ్చుకున్నాడు.

ఒంటి గంటకు పొగమంచు టవరు తల దాకా తేలిపోయింది. రెక్కలు కనిపించాయి. ముల్లు నాలుగు దగ్గర ఉంది. కృష్ణమోహన్ టవరు అడుగున ఉన్న కంట్రోల్ పెట్టె తలుపు తీసి, రెండు వైర్లు మార్చి, స్విచ్చి వేశాడు. లోపల, యంత్రాన్ని లైనుకు కలిపే కాంటాక్టరు పడిన చప్పుడైంది. పైన రెక్కలు కదిలాయి. ఒక నిమిషంలో పూర్తి వేగం అందుకున్నాయి.

"స్తోత్రం!" అని అరిచాడు ప్రేమానందం. వెనక్కి వెనక్కి నడిచి, కంచె దగ్గర నిలబడి ఫొటోలు తీయడం మొదలుపెట్టాడు.

"ఒంటిగంటా పదికి స్టార్ట్ అని రాయండి" అన్నాడు కృష్ణమోహన్.

రత్నరాజు స్తంభం వైపు చూశాడు. "గాలి నాలుగే ఉంది."

"మీరు రాయండి సార్."

రత్నరాజు మీటరు మూత తీశాడు. అద్దం వెనక పళ్ళెం తిరుగుతోంది. దాని అంచున నల్లగీత ఉంటుంది. యంత్రం కరెంటు ఇస్తుంటే ఆ గీత ఎడమనుంచి కుడికి పోతుంది. ఇప్పుడు కుడినుంచి ఎడమకు పోతోంది. అంటే యంత్రం కరెంటు ఇవ్వడం లేదు. లైనులోంచి తీసుకుని, ఫ్యానులాగా తిరుగుతోంది.

ఒంటిగంటా పదికి 00012 అని రాశాడు. ఇరవైకి 00011. ముప్పైకి 00009. ప్రతిదాని పక్కనా ఎం.ఆర్. వేశాడు.

కృష్ణమోహన్ అతని భుజం మీదినుంచి చూశాడు. "తగ్గినట్టు రాసిండ్రేంది?"

"తగ్గింది."

"తగ్గుతదని నాకు తెల్వదా? రెక్కలు గాలికి తిరిగినయా, కరెంటుకి తిరిగినయా అని వాటి మీద రాసి ఉంటదా?"

"రెక్కల మీద ఉండదు. మీటరులో ఉంటుంది."

"పద్నాలుగు, పదహారు, పద్దెనిమిది అని వేయండి. వచ్చే వారం గాలొస్తది, నెలకి వేల యూనిట్లు తిరుగుతది. ఈ నాలుగంకెలు అండ్ల మునిగిపోతయి. ఎవడు వెతుకుతడు?"

రత్నరాజు మీటరు మూత వేశాడు.

"నేను చెప్పిన మేనేజర్‌కి, డిసెంబర్‌ల కొత్త మెషీన్ పెట్టొద్దని. విన్లే. ఇప్పుడు ఈ ప్రాజెక్ట్ క్లోజ్ కాకపోతే జనవరిలో సైట్ షట్ డౌన్ చేస్తరు. మీ జాబ్ పోతది. నాదీ పోతది. నా గ్రీన్ కార్డ్ స్పాన్సర్ వీళ్ళే సార్. నాకు ఇద్దరు పిల్లలు." గొంతు తగ్గించాడు. "మీరు ఎవర్నీ మోసం చేస్తలేరు. ఆ నలుగురూ మీవాళ్ళే. వాళ్ళకి రావాల్సిందే వాళ్ళకి వస్తది. ఎవరికి నష్టం, చెప్పండి?"

రత్నరాజు పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నాడు. "డాక్టరుగారితో నేను మాట్లాడతాను" అన్నాడు.

కంచె దాకా నడవడానికి అతనికి కొంత టైము పట్టింది. ప్రేమానందం కెమెరా దించాడు.

"తిరుగుతోందిగా బ్రదర్."

"తిప్పుతున్నారండీ."

"అంటే?"

రత్నరాజు చెప్పాడు. ప్రేమానందం వింటూ రెక్కలను చూస్తూనే ఉన్నాడు. వినడం అయ్యాక కెమెరా లెన్సు మూత జేబులోంచి తీసి పెట్టాడు.

"ఈస్టర్ నాడు మీరు గాలి ఉంటుందా అని అడిగారు" అన్నాడు రత్నరాజు. "ఉంటుందన్నాను. ఎప్పుడుంటుందో చెప్పలేదు. డిసెంబరులో ఉండదని నాకు తెలుసు. చెప్పాల్సింది."

"ఇప్పుడా చెప్పడం?"

రత్నరాజు చంకలోని పుస్తకం సర్దుకున్నాడు.

"ఆదివారం నా పక్కన కూర్చుని పాడతావు. నా ఇంట్లో భోంచేశావు. ఎనిమిది నెలలు నోరు కట్టేసుకుని ఈ రోజు, ఈ రోజు నీకు సత్యం గుర్తొచ్చిందా?" ప్రేమానందం వేలు ఎత్తి మళ్ళీ దించాడు. "రాయమని నేను చెప్పను. చెప్పానని రేపు నువ్వు అనకూడదు. కానీ రాత్రి ప్రార్థనకి దేవకుమారి వస్తుంది. ఆమెకి నువ్వే చెప్పు. నా ముందు చెప్పు."

"చెప్తానండీ."

"చెప్తాడట!" అని ప్రేమానందం జీపు వైపు నడిచాడు.

కృష్ణమోహన్ స్విచ్చి తీశాడు. వైర్లు మళ్ళీ మామూలుగా బిగించాడు. రెక్కలు ఆగడానికి రెండు నిమిషాలు పట్టింది. రత్నరాజు ఆ మూడంకెల మీదా ఒక్కొక్క గీత గీశాడు, కింది అంకె కనపడేలా. పక్కన రాశాడు: మోటారుగా తిప్పినవి. గాలి నాలుగు.

"ఈ పేజీ లాయర్ చూస్తడు సార్" అన్నాడు కృష్ణమోహన్.

"చూడనివ్వండి."

కృష్ణమోహన్ జీపు దగ్గరికి వెళ్ళి వచ్చాడు. వాకీటాకీ ఒకటి అతని చేతికిచ్చాడు. "గాలి పన్నెండు దాటితే బ్రేకు దానంతట అదే వదులుతది. మీరేం చేయనక్కర్లే. తిరిగితే పిలవండి. నేను కింద ఉండాలె, ఆయన వచ్చేసరికి." జీపు ఎక్కబోయి ఆగాడు. "కిందికి దింపమంటరా? పికప్‌లో కూర్చోండి. చలి."

"ఇక్కడే ఉంటాను."

జీపు దిగిపోయింది. అప్పుడు టైము రెండూ ముప్పై అయిదు.

రత్నరాజు సిమెంటు దిమ్మ మీద కూర్చున్నాడు. అక్కణ్ణుంచి స్తంభం పెట్టెలో ముల్లు కనిపిస్తుంది. మూడుకు ముల్లు అయిదు దగ్గర ఉంది. మూడుంబావుకు నాలుగుకు దిగింది.

అతను ఉద్యోగంలో ఒకే ఒక్కసారి చూడకుండా అంకె రాశాడు. 1965 ఆగస్టు, ఉదయం అయిదున్నర రీడింగు. ఆ రాత్రి రూతుకు నొప్పులొచ్చి మిషను ఆస్పత్రిలో చేర్చాడు. నాలుగున్నరకు శాంతి పుట్టింది. సైకిలు తొక్కుకుంటూ కేంద్రానికి వెళ్ళేసరికి ఏడు. రాత్రి డ్యూటీవాడు రెండున్నరకు రాసిన పైగడిలో గాలి తొమ్మిదని ఉంది. ఏడింటికి చూస్తే ఏడుంది. మధ్యలో ఎనిమిది వేశాడు. ఎవరూ అడగలేదు. ఆ నెల సగటులో అది కలిసింది, ఆ ఏడాది సగటులో కలిసింది, ఆ కేంద్రం ముప్పై ఏళ్ళ సగటు అచ్చువేసినప్పుడు అందులోనూ కలిసింది. శాంతికి ఇప్పుడు ఇరవై ఏళ్ళు, శాన్ డియేగోలో చదువుతోంది. పుట్టినరోజుకు ఫోను చేసిన ప్రతిసారీ అతనికి ఆ ఎనిమిది గుర్తొస్తుంది. రూతుతో ఒకసారి చెప్పాడు. "నీకేమైనా పిచ్చా?" అంది రూతు. "అది ఎనిమిదే అయి ఉంటుంది." అయి ఉండవచ్చు. తొమ్మిదికీ ఏడుకూ మధ్య పన్నెండు కూడా వచ్చి పోయి ఉండవచ్చు.

మూడున్నరకు ముల్లు ఆరు. మూడూ నలభైకి అయిదు. వాకీటాకీలో కృష్ణమోహన్ గొంతు వచ్చింది. "ఎంతుంది?"

"అయిదు."

రత్నరాజు వాకీటాకీని ఒళ్ళో పెట్టుకున్నాడు.

నాలుగుకు నైరుతి దిక్కున పొగమంచు చిరిగింది. ఆ చిరుగులోంచి హైవే మీద పోయే లారీలు కనిపించాయి. గడ్డి ఒక పక్కకు వాలింది, లేచింది, మళ్ళీ వాలింది. నాలుగూ అయిదుకు ముల్లు తొమ్మిది. రత్నరాజు లేచి నిలబడ్డాడు. నాలుగూ పన్నెండుకు ఏడు. మళ్ళీ కూర్చోలేదు. నాలుగూ ఇరవై రెండుకు పదమూడు. పైన బ్రేకు వదిలిన చప్పుడైంది. రెక్కలు నైరుతికి తిరిగి, ఒక చుట్టు తిరిగాయి. ఆగాయి. ముల్లు పదకొండుకు పడింది. అతను మీటరు మూత తీసి, పెన్ను పట్టుకుని, ముల్లునే చూస్తూ నిలబడ్డాడు. పన్నెండు. పన్నెండు. పద్నాలుగు. రెక్కలు మళ్ళీ కదిలాయి. ఈసారి ఆగలేదు. నాలుగూ ముప్పై ఒకటికి కాంటాక్టరు పడింది.

నల్లగీత ఎడమనుంచి కుడికి వచ్చింది. ఇంకోసారి వచ్చేదాకా చూసి, అతను 00008 అని రాసి వాకీటాకీ నొక్కాడు.

"తిరుగుతోంది."

"గాలికేనా?"

"గాలికే. నాలుగూ ముప్పై ఒకటి."

అవతల కృష్ణమోహన్ ఇంగ్లీషులో ఎవరికో చెప్పడం వినిపించింది. తరవాత ప్రేమానందం గొంతు, మాట తెలియలేదు. "లాయర్ మనిషి నా పక్కనే ఉన్నడు సార్" అన్నాడు కృష్ణమోహన్. "ఆయన్ని ఇడిచిపెట్టి రాలేను. గంట కాంగనే వస్త. ఆగితే చెప్పండి."

నాలుగూ నలభై ఒకటికి 00010. నాలుగూ యాభై ఒకటికి 00012. సూర్యుడు కొండల వెనక్కి పోయాడు. అయిదూ ఒకటికి టార్చి వేసి చదివాడు. 00015. ఒకసారి గాలి పదకొండుకు తగ్గింది. పళ్ళెం నెమ్మదించింది. గీత కుడి చివర దాకా వచ్చి, పోదా అన్నట్టు ఆగి, పోయింది. అతను ఊపిరి వదిలాడు. గాలి మళ్ళీ పదహారుకు లేచింది. అయిదూ పదకొండుకు 00018. రాయడానికి పుస్తకాన్ని టవరు తలుపుకు ఆనించాల్సి వచ్చింది. అయిదూ ఇరవై ఒకటికి ఎడమనుంచి ఒకసారి చదివాడు. కుడినుంచి చదవబోయి, నడుమ ఆగి, మళ్ళీ మొదలుపెట్టి చదివాడు. 00022. ఎం.ఆర్.

ఇంకో పది నిమిషాలుంది. అతను తలుపుకు వీపు ఆనించి కూర్చుని, టార్చిని వాచీ మీద వేసుకున్నాడు.

అయిదూ ముప్పై అయిదుకు కృష్ణమోహన్ వాకీటాకీలో పిలిచాడు. జవాబు రాలేదు. మళ్ళీ పిలిచాడు. ప్రేమానందాన్ని ఎక్కించుకుని జీపు తీశాడు. లాయరు మనిషి ట్రైలర్ మెట్ల మీద నిలబడి వాచీ చూసుకుంటున్నాడు.

పైన గాలి ఇరవై ఉంది. రెక్కల చప్పుడుకు మాట వినపడటం లేదు. జీపు లైట్లలో రత్నరాజు తలుపుకు ఆనుకుని కూర్చునే ఉన్నాడు. టార్చి నేల మీద వెలుగుతోంది. పుస్తకం ఒళ్ళో తెరిచి ఉంది, గాలికి పేజీ ఎగరకుండా బొటనవేలు దాని మీద ఉంది.

ప్రేమానందం మోకాళ్ళ మీద కూర్చుని మెడ దగ్గర వేళ్ళు పెట్టాడు. రత్నరాజును పడుకోబెట్టి, వానకోటు తీసేసి, రెండు చేతులతో ఛాతీ నొక్కడం మొదలుపెట్టాడు. "అంబులెన్స్!" అని అరిచాడు. కృష్ణమోహన్ వాకీటాకీలో చెప్పాడు. ప్రేమానందం నొక్కుతూనే ఉన్నాడు. "రత్నరాజూ" అన్నాడు. "ఒరేయ్ రత్నరాజూ." తరవాత ఆపాడు. వాచీ చూశాడు.

"ఎప్పుడు పోయిండు?" అని అడిగాడు కృష్ణమోహన్.

"తెలియదు. నేను ఆపింది అయిదూ యాభై ఒకటికి. అదే రాస్తాను."

కృష్ణమోహన్ పుస్తకం తీసుకున్నాడు. టార్చి వెలుగులో పేజీ చూశాడు. గీత కొట్టిన మూడంకెలు, మోటారు అన్న మాట, కింద ఆరు గడులు నిండి ఉన్నాయి. ఏడోది అయిదూ ముప్పై ఒకటి. టైము మాత్రం రాసి పెట్టుకున్నాడు. అంకె లేదు. గంట పూర్తయ్యే అంకె అది.

అది 25 అయినా అయి ఉండాలి, 26 అయినా అయి ఉండాలి. కృష్ణమోహన్ ఇంజనీరు. లెక్క కట్టడానికి అతనికి అరనిమిషం పట్టదు. పెన్ను తీసి ఆ గడి మీద పెట్టాడు. ప్రేమానందం అతని చేతినే చూస్తున్నాడు. రాయమనలేదు, వద్దనలేదు.

కృష్ణమోహన్ పెన్ను ఎత్తాడు. మీటరు దగ్గరికి వెళ్ళి, అద్దం తుడిచి, టార్చి వేసి చదివాడు. ఖాళీ గడిని అలాగే వదిలి, దాని కింద కొత్త వరసలో రాశాడు: 5:52. 00034. పక్కన తన పేరు పూర్తిగా రాశాడు.

ప్రేమానందం రత్నరాజు దగ్గరే ఉండిపోయాడు. ఆరుకు రెండు నిమిషాలుండగా ఆ పేజీ ట్రైలర్‌కి చేరింది. లాయరు మనిషి దాన్ని మొదట్నించి చివరిదాకా చదివాడు. గీత కొట్టిన అంకెల దగ్గర ఆగి, చదివి, కిందికి వచ్చాడు. ఖాళీ గడి మీద వేలు పెట్టాడు.

"ఇదేమిటి?"

"ఆ టైముకి చూసినవాళ్ళు లేరు" అన్నాడు కృష్ణమోహన్.

ఆయన కింది అంకె చూశాడు. నాలుగూ ముప్పై ఒకటినుంచి అయిదూ యాభై రెండు దాకా వేళ్ళ మీద లెక్కపెట్టాడు. గంట దాటింది, అంకె ఎక్కడా ఆగలేదు, సరిపోతుందన్నాడు. పేజీకి ఫొటో కాపీ తీసి ఫైల్లో పెట్టుకుని, హ్యాపీ న్యూ ఇయర్ అనబోయి, అనకుండా వెళ్ళాడు. మూడు నెలల తరవాత నాలుగు కుటుంబాలకూ క్రెడిట్ వచ్చింది.

రూతు డ్యూటీలోంచి యూనిఫాంతోనే లివర్‌మోర్ ఆస్పత్రికి వచ్చింది. ప్రేమానందం లేచి ఎదురెళ్ళాడు. ఆమె అతన్ని దాటి లోపలికి వెళ్ళి ఇరవై నిమిషాలు ఉండి వచ్చింది. కృష్ణమోహన్ కాగితం సంచి ఒకటి పట్టుకుని గోడ పక్కన నిలబడి ఉన్నాడు.

"కోటు జేబుల్లోవి, ఆంటీ" అన్నాడు. అంతకు ముందెప్పుడూ ఆమెను అలా పిలవలేదు.

రూతు కుర్చీలో కూర్చుని సంచి ఒళ్ళో పెట్టుకుని ఒక్కొక్కటే బయటికి తీసింది. కళ్ళజోడు. చేతిరుమాలు. వేసుకోవడం మరిచిపోయిన మధ్యాహ్నపు మాత్ర. అయిదేళ్ళ కిందట, అతను కొండ మీద పనిలో చేరిన వారంలో ఆమె కొనిపెట్టిన ఉన్ని గ్లవ్స్. ఎడమచేతిది వేళ్ళ దగ్గర చిరిగి, రెండుచోట్ల కుట్టి, మళ్ళీ చిరిగింది. కుడిచేతిది కొన్నప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది, అంచున షాపువాళ్ళు వేసిన దారం కూడా తెంపలేదు.